ఫిన్నీ పట్టిన పది తప్పులు

ఆ శుక్రవారం ఉదయం ఫిన్నీ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదిన్నరకి ఆఫీసు. పదకొండున్నరకల్లా రివ్యూ పూర్తి. పన్నెండింటికి సారు సంతకం. సాయంత్రం ఐదింటి బస్సుకి నరసన్నపేట, జేబులో పర్మినెంటు ఉద్యోగం కాగితం. ఉదయం తొమ్మిదిన్నరకి ఎవరి పథకమైనా ఇంత అందంగానే ఉంటుంది.

ఫిన్నీ పనిచేసే కంపెనీ విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి దగ్గర్లో, ఒక పిండిమర మీది అంతస్తులో ఉంది. నీళ్ళ పంపుల్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేస్తారు. దాని యజమాని అప్పలనరసింహంగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరిని దిద్దకపోతే అన్నం సహించక ఈ కంపెనీ పెట్టారు. జేబులో ఎర్ర పెన్ను లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. నెలకో సర్క్యులర్ తీసేవారు. కొత్త కాగితం మీద ప్రింటు తీయకూడదు, పాత ప్రింట్ల వెనకవైపే తీయాలి అని ఒకటి. ఆ పాత వైపున అడ్డంగా గీత కొట్టడం వల్ల నెలకి రెండు రీఫిళ్ళు ఖర్చవుతున్నాయి కనుక ఇకమీదట గీతలు కొట్టకూడదు అని మొన్న సోమవారం ఇంకొకటి. అది సర్క్యులర్ నంబరు పదిహేడు.

అన్నిటికన్నా పెద్ద నియమం రివ్యూది. ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు కాగితం మీద చదవాలి. పది తప్పులు పట్టాలి. తొమ్మిది పట్టి తెస్తే కట్ట వెనక్కి విసిరేవారు.

"తప్పు లేని జవాబు పత్రం నా సర్వీసులో చూడలేదు. తప్పు కనబడలేదంటే, దిద్దినవాడు చదవలేదన్నమాట," అనేవారు అప్పలనరసింహంగారు. ఆయన చేతిలో ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎంతమంది తప్పారో జిల్లాకంతటికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఫిన్నీ అక్కడ పద్నాలుగు నెలలుగా టెంపరరీ. బుధవారం నాడు సారు అతన్ని పిలిచి, గరివిడి ఫ్యాక్టరీకి వెళ్ళవలసిన మూడు పంపుల బోర్డు కోడ్‌ని రివ్యూ చేయమన్నారు. బాగా చేస్తే శుక్రవారమే పర్మినెంటు లెటరు మీద సంతకం పెడతానన్నారు. లెటరు టైపు చేసి సొరుగులో ఉంది కూడా. ఫిన్నీ చేసిన పొరపాటల్లా ఆ సంగతి వెంటనే ఇంటికి ఫోన్ చేసి చెప్పడం. వాళ్ళమ్మ సత్యవతి అదే సాయంత్రం చర్చిలో ప్రార్థన కూటంలో లేచి నిలబడి, దేవుడు తన కొడుక్కి పర్మినెంటు ఇచ్చాడని ప్రకటించేసింది. శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూడిక, పాస్టరుగారు వస్తారు, అరవై మందికి బిర్యానీ.

"ఇంకా సంతకం అవలేదే అమ్మా!" అన్నాడు ఫిన్నీ.

"అవకపోతే దేవుడూరుకుంటాడేటిరా? నువ్వు పని సూసుకో. నాను మేకకి సెప్పీసినాను," అంది సత్యవతి.

కాబట్టి శుక్రవారం ఉదయం ఫిన్నీ ఆ కోడ్ కట్ట ముందు కూర్చున్నప్పుడు, అతని మెడ మీద ఒక పాస్టరుగారూ, అరవై మంది విశ్వాసులూ, ఒక మేకా ఉన్నారు.

మామూలు ప్రోగ్రామైతే కంప్యూటరుకి ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో చెబుతుంది. ఇది అలాంటిది కాదు. చిప్పు లోపల ఏ తీగ ఏ తీగతో కలవాలో చెప్పే రాత. తప్పు రాస్తే తప్పు తీగలే కలుస్తాయి. దీన్ని రాసింది శ్రీలలిత. వయొలిన్ మేష్టారి కూతురు. తండ్రి తాళం తప్పనివ్వడు, కూతురు కామా తప్పనివ్వదు. ఆమె రాసిన కోడ్‌లో పది తప్పులు పట్టమనడం ఎంత అన్యాయమో పదకొండు గంటలకల్లా ఫిన్నీకి అర్థమైపోయింది. కట్టంతా చదివాడు. దొరికిన తప్పులు సున్నా.

అప్పుడిక సిగ్గు విడిచాడు. ఆరో పేజీలో రెండు పదాల మధ్య ఎడం ఎక్కువైందని రాశాడు. పంతొమ్మిదో పేజీలో ఒక అక్షరం పెద్దదిగా ఉండాల్సింది చిన్నదిగా ఉందన్నాడు. ఒకచోట వివరణ మరీ పొడుగన్నాడు, ఇంకొకచోట మరీ పొట్టిదన్నాడు. అలా గోరుతో గీకి గీకి తొమ్మిది పోగుచేశాడు. పదోది మాత్రం రానంది. మళ్ళీ మొదటి నుంచి తిరగేశాడు. ఒకటో పంపు ఉంది. రెండో పంపు ఉంది. మూడో పంపు...

మూడో పంపు లేదు!

ఫిన్నీ కుర్చీలోంచి సగం లేచాడు. మూడు పంపుల బోర్డులో మూడో పంపే లేదు. సంతోషంతో అతనికి చెమటలు పట్టాయి. కామా మర్చిపోని మనిషి ఏకంగా పంపుని ఎలా మర్చిపోతుందన్న ప్రశ్న ఆ సంతోషంలో పక్కకి కూడా రాలేదు. పదో తప్పుని పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండుసార్లు గీత గీసి సారు గదిలోకి పట్టుకెళ్ళాడు.

అప్పలనరసింహంగారు జాబితాని పండగ పిండివంటలా ఆస్వాదిస్తూ చదివారు. తొమ్మిదింటికీ టిక్కులు పెట్టారు. పదోదాని దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వెంటనే శ్రీలలితని పిలిపించారు.

"ఏమ్మా, మూడో పంపు ఏది?"

"కోడ్‌లోనే ఉంది సార్."

"లేదు. ఫిన్నీ మొత్తం చదివాడు."

శ్రీలలిత ఫిన్నీ వైపు తిరిగింది. "మొత్తం చదివావా?"

"రెండుసార్లండీ," అన్నాడు ఫిన్నీ. అది నిజం కూడా.

ఆమె ఆ కట్ట వైపు కన్నెత్తి చూడలేదు. తన కోడ్‌లో పంపు ఉందో లేదో తాను వెతుక్కోవడమా! అప్పలనరసింహంగారు అక్కడికక్కడే మెమో రాశారు. పది తప్పులకీ ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే ఉద్యోగం గురించి ఆలోచించవలసి వస్తుంది. శ్రీలలిత మెమోని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది.

"ఇరవై నాలుగు గంటలు టైమిచ్చారు కదా సార్. ఇంటికెళ్ళి తీరిగ్గా రాస్తాను," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఫోన్ కూడా కట్టేసింది.

"సార్, నా లెటరు..." అన్నాడు ఫిన్నీ నెమ్మదిగా.

"తప్పు పట్టినవాడే దిద్దాలి. మూడో పంపు నువ్వు రాయి. బోర్డు నడిచిన మరుక్షణం సంతకం."

 ఇంకొకరి కోడ్‌లో ఎడాలు కొలవడం వేరు, పంపు రాయడం వేరు. అంతలో సారు ఇంకో ఘనకార్యం చేశారు. గరివిడి ఫ్యాక్టరీలో పంపులు చూసుకునే ఇంజినీరు గంగరాజుకి ఫోన్ చేసి, తమ కంపెనీ నాణ్యత ఎలాంటిదో గర్వంగా చెప్పారు. గంగరాజు ఒకప్పుడు ఆయన శిష్యుడే. ఒకే సబ్జెక్టుని ఆయన దగ్గర మూడుసార్లు రాశాడు.

"ఒరే గంగరాజూ, మావాళ్ళు పది తప్పులు పట్టార్రా. మూడో పంపు అసలు లేనే లేదు. చూశావా మా పరీక్ష ఎంత గట్టిదో!"

అవతల గంగరాజు ఫోన్‌ని రెండో చెవికి మార్చుకున్నాడు.

"మేష్టారూ, సోమవారం మా జీఎంగారు రిబ్బను కత్తిరిస్తారండి. మూడో పంపుకే రిబ్బను కట్టినామండి. లేదంటే నా గతేటండి?" అన్నాడు గంగరాజు ఏడుపు గొంతుతో. "నానే వస్తన్నాను. ఆ పంపు కూడా పట్టుకొచ్చీస్తన్నాను. నా కళ్ళెదట నడవాలండి."

ఫిన్నీ కంప్యూటరు ముందు కూలబడ్డాడు. కోడ్ ఫైలు తెరిచాడు. పైనుంచి చదివే తీరిక ఎక్కడిది? రెండో పంపుని రాసిన పది లైన్లూ ఎత్తి, ఫైలు చివర అతికించి, రెండు ఉన్న చోటల్లా మూడు అని మార్చాడు. 'మూడో పంపు' అన్న పేరు ఇదివరకే ఉంది అంది కంప్యూటరు. ఫిన్నీ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 'కొత్త మూడో పంపు' అని పేరు మార్చాడు. పంపు తీగ తగిలించడానికి నువ్వడిగిన పిన్ను ఖాళీ లేదు, దాన్ని మూడో పంపు వాడుకుంటోంది అంది కంప్యూటరు. చదువుకున్న యంత్రం కనుక మర్యాదగా రెండుసార్లు చెప్పింది. ఫిన్నీ దాన్ని విసుక్కుని, ఖాళీగా కనిపించిన పన్నెండో పిన్ను ఇచ్చాడు. ఆ పన్నెండో పిన్నుకి, శ్రీలలిత తర్వాతెప్పుడో పరీక్షిద్దామని చెప్పగా, ఆఫీసులో ప్రింట్ల దగ్గర్నుంచి సోల్డరింగు దాకా చూసే కొండబాబు ఆ ఉదయమే ఒక ఫ్యాక్టరీ సైరను తగిలించి ఉంచాడు. ఫిన్నీకి ఆ సంగతి తెలియదు.

మధ్యలో సత్యవతి ఫోన్ చేసింది.

"ఒరే, సంతకమైనాదా? ఇచ్ఛాపురం నుంచి మీ పెద్దమ్మోళ్ళు కూడా వస్తన్నారు. ఎనబైమంది అవుతారు. రెండో మేకకి కూడా సెప్పమంటావా?"

"అమ్మా, నీకు దండం పెడతాను, ఫోన్ పెట్టీ," అన్నాడు ఫిన్నీ.

మూడు గంటలకి గంగరాజు జీపు దిగాడు. వెనకాల ఇద్దరు కూలీలు పంపుని భుజాల మీద మోసుకుంటూ మెట్లెక్కారు. దాని నడుముకి సోమవారం రిబ్బను అప్పుడే కట్టేసి ఉంది. మేడ మీద నీళ్ళ డ్రమ్ములో అప్పటికే ఉన్న రెండు చిన్న పంపుల పక్కన దీన్నీ దింపారు. సారు కొండబాబుని పిలిచి, శ్రీలలితని ఎలాగైనా బతిమాలి తీసుకురమ్మని స్కూటరు మీద పంపారు. పొగరుబోతే కానీ, ఎదురుగా ఉంటే ధైర్యమని ఆయనకీ లోపల తెలుసు.

"కానివ్వు," అన్నారు ఫిన్నీతో.

ఫిన్నీ బటన్ నొక్కాడు. ఒకటో పంపు లేచింది. రెండో పంపు లేచింది. ఫిన్నీ కళ్ళు మూసుకున్నాడు. మూడో పంపు కూడా లేచింది! రిబ్బనుతో సహా బుసకొట్టి, గోడ దాటేంత ఎత్తుకి నీళ్ళు చిమ్మింది. గంగరాజు చేతులు జోడించాడు. ఆ చేతులు జోడించి ఉండగానే, విజయనగరంలో సగానికి వినబడేలా సైరను మోగింది.

కింద పిండిమరలో జనం అన్నీ వదిలేసి రోడ్డు మీదకి పరిగెత్తారు. మర యజమాని పిండితో తెల్లగా మారిన మొహంతో పైకి చూస్తూ అరుస్తున్నాడు. చోళ్ళు, అదే రాగులు, పట్టించుకోడానికి వచ్చిన గురమ్మ అనే ముసలావిడ డబ్బా నెత్తిన పెట్టుకునే పరిగెడుతూ, "గేసు పేలిపోతన్నాది! పారిపోండర్రా!" అని వీధి వీధికీ చెప్పింది. పైనుంచి పడుతున్న నీళ్ళని చూసినవాళ్ళు అప్పుడే ఆర్పుతున్నారని అనుకున్నారు. మూడు లాంతర్ల దగ్గర ఆటోలు ఆగిపోయాయి. ఎవరో పుణ్యాత్ముడు ఫైరింజనుకి ఫోన్ చేశాడు. మేడ మీద ఫిన్నీ బటన్ నొక్కుతున్నాడు, పంపు ఆగుతోంది, సైరను ఆగుతోంది, మళ్ళీ నొక్కితే రెండూ కలిసి లేస్తున్నాయి. నాలుగోసారి నొక్కేసరికి ఫైరింజను వచ్చేసింది. దాని ముందు కొండబాబు స్కూటరూ, వెనక సీటు మీద శ్రీలలితా ఉన్నారు.

అప్పలనరసింహంగారు ఫైరు ఆఫీసరుకి కంపెనీ నాణ్యత గురించి వివరించడానికి కిందికి వెళ్ళారు. శ్రీలలిత కంప్యూటరు ముందు నిలబడే ఒక నిమిషం చూసింది.

"రెండు మూడో పంపులెందుకున్నాయి?"

"మీది లేదు కదండీ. అందుకని నేనొకటి..."

ఆమె బల్ల మీది రివ్యూ కట్టని తీసుకుంది. ఫిన్నీ చదివి, గీతలు గీసి, తప్పులు పట్టిన కట్ట. దాన్ని బోర్లా తిప్పి అతని ముందు పెట్టింది. వెనకవైపు కూడా కోడే ఉంది. మొదటి పేజీలో మొన్నటి తేదీ ఉంది. పదకొండో పేజీలో, చుట్టూ గీతలతో గడి కట్టి మరీ, మూడో పంపు ఉంది.

ఫిన్నీ మళ్ళీ ముందువైపు తిప్పి తేదీ చూశాడు. నిరుటిది. పద్నాలుగు నెలల కిందట గరివిడికి పంపిన రెండు పంపుల బోర్డు కోడ్. పాత కాగితాల వెనక కొత్త కోడ్ ప్రింటు తీశాడు కొండబాబు. సర్క్యులర్ ప్రకారం పాత వైపున గీత కొట్టలేదు. కట్టని పాత వైపు పైకి ఉండేలా బల్ల మీద పెట్టాడు. ఫిన్నీ దాన్ని భక్తిగా రెండుసార్లు చదివి, రెండు పంపుల బోర్డులో మూడో పంపు లేదని కనిపెట్టాడు.

"నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది శ్రీలలిత నెమ్మదిగా.

ఫిన్నీకి భయం వేసింది. అంతకన్నా సిగ్గేసింది. ఆమె బ్యాగులో నాలుగు మడతల మెమో ఉంది, అది తన వల్ల వచ్చింది. నోరు మూసుకుంటే రేపు ఇంటి ముందు ఎనభై మందీ విస్తళ్ళ ముందు కూర్చుంటారు. నోరు విప్పితే ఆ ఎనభై మందికీ ఏం చెప్పాలో దేవుడికి కూడా తెలియదు. అప్పుడే సారు ఆయాసపడుతూ పైకొచ్చారు.

"సార్, నేను చదివింది పాత కోడండీ," అన్నాడు ఫిన్నీ. "కాగితం రెండో వైపు చూళ్ళేదు. శ్రీలలితగారి కోడ్‌లో మూడో పంపు ఉందండీ. సైరను నా తప్పండీ. ఆ మెమో వెనక్కి తీసుకోండి సార్. నా లెటరు సంగతి తర్వాత."

అప్పలనరసింహంగారి మొహం పెన్ను రంగులోకి మారింది. సొరుగు లాగి లెటరు బయటికి తీశారు. రెండు చేతులతో పట్టుకున్నారు. చింపడానికే అనడంలో సందేహం లేదు.

"కాగితం ఏ వైపు చదవాలో తెలియనివాడికి పర్మినెంటా?"

"ఏ వైపు పాతదో తెలియడానికేగా సార్ గీత కొట్టేవాళ్ళం," అంది శ్రీలలిత. గోడ దగ్గరికెళ్ళి, అంటించి ఉన్న కాగితాన్ని స్పష్టంగా చదివింది. "సర్క్యులర్ నంబరు పదిహేడు. రీఫిళ్ళ వృథా అరికట్టుట గురించి. కింద ఎర్ర పెన్నుతో సంతకం. సంజాయిషీలో ఇదే రాద్దామనుకుంటున్నాను. ఫైరాఫీసరుగారికి కూడా ఒక కాపీ ఇస్తే సరిపోతుంది కదా సార్?"

 అప్పలనరసింహంగారు లెటరుని బల్ల మీద పెట్టి, చేత్తో నెమ్మదిగా సాపు చేశారు. మెమో ఇలా ఇవ్వమ్మా అన్నారు. దాన్ని ఆయనే చింపారు. ఆ తర్వాత గోడ మీది సర్క్యులర్ కూడా, తేమకి ఊడి వచ్చినట్టుగా, దానంతటదే ఆయన చేతిలోకి వచ్చేసింది. లెటరు మీద సంతకం పడింది. ఫిన్నీ దాన్ని అందుకుని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. శ్రీలలిత వైపు తిరిగి థాంక్సండీ అన్నాడు. ఇంకోసారి తేదీ చూడు అంది ఆమె.

ఇంతసేపూ తడిసి ముద్దై ఒక మూల నిలబడ్డ గంగరాజు గొంతు సవరించుకున్నాడు.

"అంటే మేష్టారూ, ఇతను తప్పులు పట్టింది మా పాత బోర్డులోనేటండి? అది పద్నాలుగు నెల్లబట్టి ఒక్క పూట కూడా ఆగలేదండి!"

"అదంతా వదిలెయ్‌రా. కొత్త కోడ్ ఉంది కదా, దాన్నిప్పుడు రివ్యూ చేయించి..."

"వద్దండి బాబూ!" గంగరాజు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మీరు సూస్తే ఏదో ఒకటి దొరుకుతాది. మూడో పంపు నడిసింది, నా కళ్ళతో సూసినాను. సూడకుండా అలగే పంపించీండి."

"నేనతికించిన ఆ పది లైన్లు తీసేస్తానండీ. సైరను మోగదు," అన్నాడు ఫిన్నీ.

"తీసీకండి, ఉంచీండి. ఆ సైరను కూడా బోర్డుతో ఇచ్చీండి. మా పంపుషెడ్డులో ఒక్కడు మెలకువగా ఉండడు. పంపు లేస్తే ఆళ్ళూ లేస్తారు."

ఫిన్నీ ఐదింటి బస్సు అందుకున్నాడు. మర్నాడు నరసన్నపేటలో ఎనభై మంది అనుకుంటే నూట పది మంది వచ్చారు. సత్యవతి లెటరుని పాస్టరుగారి బైబిలు మీద పెట్టి అందరికీ చూపించింది. సాక్ష్యం చెప్పమంటే ఫిన్నీ జరిగింది జరిగినట్టే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు, కుర్రాడికి వినయం ఎక్కువన్నారు. సోమవారం గరివిడిలో రిబ్బను తెగింది, పంపు లేచింది, సైరను మోగింది, జీఎంగారు చప్పట్లు కొట్టారు.

శ్రీలలిత రాసిన ఆ కొత్త కోడ్‌ని ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎవరూ చదవలేదు కనుక, అందులో తప్పులు లేవని కంపెనీ రిజిస్టరులో రాసి ఉంది.